మూలార్థంలో మా పెళ్లి

మా చింతలేరు పురపాలక కార్యాలయంలో కంప్యూటర్‌ను కంప్యూటర్‌గా మాత్రమే వాడాలన్న ఉత్తర్వు వచ్చినప్పుడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాణ్ని నేనే. జూనియర్ అసిస్టెంటుకు చప్పట్లు కొట్టడంలో స్వేచ్ఛ ఉంటుంది. మానడంలో ఉండదు.

ఈ ఉత్తర్వుకు మూలం ఎక్కడో ఉంది. ఏదో జిల్లాలో ఒక పెద్దమనిషి ఫైరింజన్ తెప్పించి తన రొయ్యల చెరువు నింపుకున్నాడు. ఇంకో ఊళ్లో పెళ్లివారి పప్పు గుండిగలు, పులుసు గంగాళాలు శవాల బండిలో కల్యాణమండపానికి చేరాయి. సంగతి బయటపడేసరికి మూడో పంక్తి లేచింది. మగపెళ్లివారు గోల చేశారు, పేపర్లవాళ్లు రాశారు, ప్రభుత్వానికి కోపం వచ్చింది. కోపం వచ్చిన ప్రభుత్వం ఏం చేస్తుందో అదే చేసింది, సర్క్యులర్ ఇచ్చింది. "ప్రభుత్వ ఆస్తి ఏదైనను దాని పేరునకు గల అర్థమునకు అనుగుణముగా మాత్రమే వినియోగింపవలెను."

మంచి మాటే. మంటలార్పే బండి మంటలార్పాలి, శవాల బండి శవాల్ని మోయాలి. తక్కిన ఊళ్లలో ఆ కాగితం మీద సంతకం పెట్టి, ఫైల్లో పెట్టి, ఫైలును బీరువాలో పెట్టారు. మా ఊరి అదృష్టం వేరు. మా కమిషనర్ త్రివిక్రమరావు గారు మాటల పుట్టుకలంటే చెవి కోసుకునే మనిషి. కాఫీ తెస్తే, కాఫీ అన్న మాట ఏ ఎడారులు దాటి ఎలా వచ్చిందో చెప్పేవారు. ఆ మాట చింతలేరు చేరేలోపు కాఫీ చల్లారిపోయేది. ఆయన బల్ల మీద ఫైళ్లకన్నా నిఘంటువులే ఎక్కువ.

సర్క్యులర్ వచ్చిన మర్నాడే మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టారు.

"అర్థము అని రాసినారు. ఏ అర్థము? వాడుకార్థమా, మూలార్థమా?" అని అడిగారు.

మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

"వాడుకార్థము నేడొకటి, రేపొకటి. ప్రభుత్వము అట్టి చంచలమైన దానిపై ఆధారపడజాలదు. కావున మూలార్థమే శిరోధార్యము."

అప్పుడే నేను చప్పట్లు కొట్టింది.

ముందు టెలిఫోన్లతో మొదలుపెట్టారు. ఆ మాటకు దూరపు ధ్వని అని మూలార్థం. కనుక దగ్గరున్నవాళ్లకు ఫోన్ చేయడం దుర్వినియోగమని తేల్చారు. పక్క సెక్షన్‌కు ఫోన్ చేయాలంటే మేం వీధి చివర సోడా బండి దాకా నడిచి వెళ్లి, అక్కణ్నుంచి మాట్లాడేవాళ్లం. పెన్ అన్న మాట ఈక నుంచి వచ్చిందట. ఆఫీసు పెన్నులన్నీ అట్టపెట్టెలో కట్టి పశుసంవర్ధక శాఖవారి కోళ్ల విభాగానికి పంపేశాం. వాళ్లు మారుమాట లేకుండా పుచ్చుకున్నారు. మేం ఇంటి నుంచి సొంత పెన్నులు తెచ్చుకున్నాం, అవి ప్రభుత్వ ఆస్తి కావు గనక. కాలిక్యులేటర్ అన్న మాటకు పుట్టిల్లు గులకరాయి. వెనకటికి ఆ దేశాల్లో రాళ్లు పేర్చి లెక్కలు కట్టేవారట. అంచేత కాలిక్యులేటర్లను బీరువాలో పెట్టి తాళం వేసి, ఏటి నుంచి రెండు గంపల గులకరాళ్లు తెప్పించారు.

ఇక కంప్యూటర్ వంతు వచ్చింది. దాని గురించి చెప్పేటప్పుడు కమిషనర్ గారు లేచి నిలబడ్డారు.

"ఈ మాట లెక్కించు అన్న క్రియ నుంచి జనించినది. యంత్రము పుట్టుటకు వందల ఏండ్ల మునుపే ఈ మాట పుట్టినది. అప్పుడది మనుషుల హోదా. గదులలో వరుసగా కూర్చుండి గ్రహముల గతులు, ఓడల దారులు లెక్కగట్టిన స్త్రీపురుషులను కంప్యూటర్లు అనెడివారు. వారి పని యంత్రము చేతికి పోయినది. పనితోపాటు పేరు కూడ పోయినది. ఆలోచింపుడు! లెక్కలు కట్టుటకు పుట్టిన దానితో మనమేమి చేయించుచున్నాము? ఉత్తరములు కొట్టించుచున్నాము!"

ఆ చివరి మాట ఆయన అన్న తీరుకు నేను నిజంగానే సిగ్గుపడ్డాను.

మా సూపరింటెండెంట్ అనసూయమ్మ గారు ఇద్దరు కమిషనర్ల ఆవేశాన్ని అంతకుముందే చూసి ఉన్నారు. ఆవిడ చెయ్యెత్తి, "మరి ఉత్తరాలు ఎందులో కొట్టమంటారండీ? టైపు మిషన్లు పాత ఇనప సామాన్లోకి పోయినయ్. చేతిరాత పత్రాలు చెల్లవని పోయినేడే ఉత్తర్వు ఇచ్చారు గందా," అన్నారు.

"లెక్క ఉన్న ఉత్తరము కొట్టుడు. లెక్క లేనిది కొట్టకుడు."

సాయంత్రానికల్లా ఉత్తర్వు గోడకెక్కింది. లెక్క లేని ఏ కాగితాన్నీ కంప్యూటర్ ద్వారా వెలువరించరాదు. లెక్క అనగా కనీసం ఒక కూడికగాని, తీసివేతగాని, హెచ్చవేతగాని, భాగహారంగాని. పైగా ఆ పేరు మొదట మనుషులది కాబట్టి, వాళ్ల గౌరవార్థం యంత్రం వేసిన ప్రతి లెక్కనూ ఒక మనిషి గులకరాళ్లతో మళ్లీ వేసి సరిచూడాలి. ఆ పదవికి ప్రాథమిక గణకుడని పేరు పెట్టి, బిల్లు కలెక్టర్ పోతురాజును వేశారు.

"సార్, నేను లెక్కల్లో తప్పి, ఆ దెబ్బకే బడి మానేసినోణ్ని," అన్నాడు పోతురాజు బెదిరిపోయి.

"అందుకే నిన్ను ఎంపిక చేసితిని. యంత్రములకు పూర్వపు స్థితి నీలో చెడకుండ ఉన్నది," అన్నారు కమిషనర్ గారు.

మొదటి వారం తల పట్టుకున్నాం. తర్వాత అలవాటు పడ్డాం. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, గుమాస్తా ఇంకా తొందరగా పడతాడు. రేపు నీళ్లు రావని ఊళ్లో నోటీసు వేయాల్సి వచ్చింది. "పట్టణమునకు ఇవ్వవలసిన నీటి నుండి ఇవ్వలేకపోవుచున్న నీటిని తీసివేయగా, రేపు వచ్చు నీరు సున్న" అని కొట్టాను. పోతురాజు గులకరాళ్లన్నీ గంపలోంచి తీసి, అన్నీ మళ్లీ గంపలో వేసి, ఖాళీ నేల చూసి, సరిపోయిందని సంతకం పెట్టాడు. మాజీ చైర్మన్ పోతే సంతాప తీర్మానంలో "వారు మరణించిన సంవత్సరము నుండి జన్మించిన సంవత్సరమును తీసివేయగా వచ్చిన శేషమంతయు ప్రజాసేవయే" అని రాశాం. ఆయన కొడుకు కళ్లనీళ్లు పెట్టుకుని నాలుగు కాపీలు అడిగాడు. కుక్కల బెడద గురించి అర్జీ పెట్టుకున్న రామాలయం వీధివారికి, వీధికుక్కలను సిబ్బందితో భాగించి, ఒక్కొక్కరి వాటాకు ఎన్ని కుక్కలొచ్చాయో చూపి, అందుచేత ఎవరమూ రాలేమని జవాబిచ్చాం. చిత్రమేమిటంటే జనానికి నచ్చింది. మునిసిపాలిటీ ఇన్నాళ్లకు ఉన్నమాట చెబుతోందని సోడా బండి దగ్గర అనుకోవడం, ఫోన్ చేయడానికి వెళ్లినప్పుడు నా చెవులారా విన్నాను.

ఇంతవరకు నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది నా పెళ్లితో వచ్చింది.

ఝాన్సీ మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఒకసారి కుక్క కరిచి ఇంజక్షన్లకు వెళితే పరిచయమైంది. ఇంజక్షన్లు అయిపోయాక కూడా నేను వెళుతూనే ఉన్నాను. పెద్దవాళ్లు ఒప్పుకున్నారు, ఊళ్లోనే పెళ్లయింది. పెళ్లి పందిరి విప్పకముందే ఆమెకు జాజికొండ ఏజెన్సీ ఆసుపత్రికి బదిలీ వచ్చింది. మా ఊరి నుంచి రెండు బస్సులు మారి, ఆపైన జీపు దొరికితే జీపు, లేకపోతే నడక. మూడేళ్లు అక్కడే. అయితే భర్త ఉద్యోగం చేసే ఊళ్లోనే భార్యను ఉంచాలన్న సౌకర్యం ఒకటుంది. దానికి పెళ్లి ధ్రువపత్రం జతచేసి శుక్రవారం సాయంత్రం లోపల ఝాన్సీ వాళ్ల ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే శనివారం ఉదయం ఆమె బస్సెక్కాలి.

"నీ ఆఫీసే, నీ కంప్యూటరే, నీ పెళ్లే. ఇంకేం అడ్డమయ్యా?" అంది ఝాన్సీ.

నిజమే, మా ఊళ్లో పెళ్లి ధ్రువపత్రాలు కొట్టే ఉద్యోగం నాదే. ఇంట్లో కాలరెగరేసి వచ్చాను. సోమవారం పొద్దున్నే కూర్చుని వధువు పేరు, వరుడి పేరు, పెళ్లి తేదీ కొట్టి, ఆ తర్వాత ఆగిపోయాను. అందులో లెక్క లేదు. కాసేపు ఆలోచించి, చివర "ఒకటి కూడిక ఒకటి, మొత్తం రెండు" అని చేర్చాను. పోతురాజు రెండు రాళ్లు పక్కపక్కన పెట్టి, మురిసిపోయి, సంతకం చేశాడు.

కమిషనర్ గారు కాగితం చూసి కళ్లజోడు తీశారు.

"గోవర్ధన్! పెండ్లికి పూర్వము మీరెందరు?"

"ఇద్దరమండి."

"పెండ్లి పిదప?"

"ఇద్దరమేనండి."

"మరి పెండ్లి ఏమి చేసినట్లు? ఈ లెక్క వలన పెండ్లి జరిగినట్లు రుజువగుట లేదు. జరగనట్లు రుజువగుచున్నది. ఆడిట్ వారు ఊరుకొందురా?"

మధ్యాహ్నం "ఒకటి కూడిక ఒకటి, మొత్తం ఒకటి" అని మార్చి పట్టుకెళ్లాను. దంపతులు వేర్వేరు కాదు కదా అని నా ఉద్దేశం. ఆయన చదివి కళ్లజోడు మళ్లీ తీశారు.

"భావము ఉత్తమము. కూడిక తప్పు. ప్రభుత్వము తప్పుడు లెక్కపై ముద్ర వేయదు," అన్నారు.

పోతురాజు కూడా ఇబ్బంది పడ్డాడు. రెండు రాళ్లను ఒకటి చేయడానికి కింద పెట్టి సుత్తితో కొట్టి చూశాడు. అవి ఆరయ్యాయి.

సాయంత్రం ఇంటికి వెళ్లి ఝాన్సీకి జరిగింది చెబితే, ఆమె అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"అంటే మనకు పెళ్లైందో లేదో నీ ఆఫీసులో తేలలా?"

"తేల్తది. లెక్క కుదరాల."

"చూడు గోవర్ధన్, కొండంటే నాకేం భయం లా. అక్కడ కాన్పులకు దిక్కులేక ఆడాళ్లు ఎంత అవస్థ పడతారో నాకు తెలుసు. అక్కడికి పోయినా నాకు పర్లా. నువ్విక్కడా నేనక్కడా అంటే మాత్రం నా వల్ల కాదు."

నాకూ ఆమె లేకుండా ఉండడం చేతకాదు. ఆ ముక్క పైకి చెప్పలేక మజ్జిగ అడిగాను.

మర్నాడు అనసూయమ్మ గారు దారి చూపించారు. ఆవిడ సర్వీసులో ఎన్నో ఫైళ్లను ఒడ్డుకు చేర్చిన మనిషి. "కూడిక మానెయ్ అబ్బాయ్. తీసివెయ్. ఊళ్లో పెళ్లి కానోళ్ల మొత్తంలోంచి ఇద్దర్ని తీసెయ్. పెళ్లేం చేసిందో అప్పుడు కనబడతది," అన్నారు.

కమిషనర్ గారికి ఆ లెక్క ఎంత నచ్చిందంటే ఆవిడకు నమస్కారం పెట్టారు. "అద్భుతము! వివాహమనగా అవివాహితుల తీసివేత! అయితే మొత్తమెంత?"

అది ఎవరికీ తెలియదు. కనుక చింతలేరులో పెళ్లికాని వారి గణన చేయించాలని అక్కడికక్కడే ఉత్తర్వు వచ్చింది. ప్రాథమిక గణకుడు పోతురాజు భుజాన ఒక సంచి తగిలించుకుని, దాన్నిండా గులకరాళ్లు పోసుకుని, మనిషికొక రాయి చొప్పున లెక్కతేల్చడానికి ఊరి మీదికి బయల్దేరాడు.

గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో పెళ్లి కానోళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగే మనిషిని మా ఊళ్లో ఎవరూ గుమ్మంలో నిలబెట్టరు. లోపలికి పిలిచి కుర్చీ వేశారు. ఫలహారం పెట్టారు. అబ్బాయి ఏం చేస్తాడు, పొలమెంత, తాగుడు అలవాటుందా అని ఆరా తీశారు. కాదు, ఇది మునిసిపాలిటీ లెక్క అని చెప్పినా నమ్మలేదు, ఈ మధ్య సంబంధాలవాళ్లు ఇలాగే గుంభనంగా వస్తున్నారని అనుకున్నారు. ఎదురింటివాళ్లు పిలవకముందే వచ్చి తమ పిల్ల గురించి చెప్పారు. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన, "నన్ను రాసుకో నాయనా, కానీ పెళ్లి కాలేదని రాయబాక, ఇంకా కాలేదని రాయి," అన్నారు. సాయంత్రానికి పోతురాజు పొట్ట నిండా జంతికలతో, సంచి నిండా ఫొటోలతో తిరిగొచ్చాడు. రాళ్లేవని అడిగితే, ఫొటోలకు చోటు చాలక చెరువుగట్టున పోసేశానన్నాడు.

బుధవారం మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గణన మధ్యలోనే కొందరు తాంబూలాలు పుచ్చుకున్నారు, అదీ పోతురాజు చూపించిన ఫొటోల వల్లే. గురువారం పొద్దున రెండు పెళ్లిళ్లయ్యాయి. మొత్తం మారిపోయింది. ఆ కొత్త దంపతులు కూడా ధ్రువపత్రం కోసం వచ్చి మా వరండాలో కూర్చున్నారు. మొత్తం తేలితేగాని వాళ్లకివ్వడానికి వీల్లేదు, ఊళ్లో పెళ్లిళ్లు ఆగితేగాని మొత్తం తేలదు. పసుపు బట్టలవాళ్లతో వరండా కళకళలాడిపోయింది. అనసూయమ్మ గారు మజ్జిగ తెప్పించారు. పోతురాజు వచ్చేపోయేవాళ్లకు అక్షింతలు వేస్తున్నాడు. ఆ హడావుడి అంతా చూస్తుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది, నేను మాత్రం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

గురువారం సాయంత్రం చివరికి కమిషనర్ గారు ఊళ్లో ఆ పూటకు ముహూర్తాలు లేవని పంచాంగం చూసి నిర్ధారించి, మొత్తాన్ని ఖాయం చేశారు. నేను గబగబా తీసివేత కొట్టాను. పోతురాజు రాళ్ల కుప్పలోంచి రెండు రాళ్లు తీసి జేబులో వేసుకున్నాడు. సంతకమైంది. ప్రింటరు మీద చెయ్యి వేశాను.

అప్పుడే రాజధాని నుంచి కబురొచ్చింది. మా ఆఫీసు పేరు పైదాకా వెళ్లి, మమ్మల్ని చూసి పైన మూలార్థ పరిశీలక సంఘం అని ఒకటి వేశారు. వాళ్లు మా కమిషనర్ గారినే మించిపోయారు. కంప్యూటర్ అన్న మాటలోని లెక్కించుట అసలు మూలార్థం కాదనీ, అంతకుముందు ఆ ధాతువుకు కొమ్మలు కత్తిరించి చెట్టును శుభ్రం చేయుట అని అర్థమనీ, లెక్క అన్నది ఆ తర్వాత దానికి తగులుకున్నదనీ లాటిన్ పండితులను విచారించి తేల్చారు. అంచేత కంప్యూటర్లన్నింటినీ తక్షణం ఉద్యానవన విభాగానికి అప్పగించాలి.

కమిషనర్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నారు. "మనము లెక్కల దగ్గరనే ఆగిపోతిమి గోవర్ధన్. వేరు దాక పోలేకపోతిమి," అన్నారు.

"సార్, ఈ ఒక్క కాగితం..."

"కాగితము ఇప్పుడు చెట్టు కాదు గదా! కంప్యూటరు ఇక చెట్లకు మాత్రమే."

నా చెయ్యి ప్రింటరు మీద ఉండగానే తీగలు పీకేశారు. కంప్యూటర్‌ను తోపుడుబండి మీద మునిసిపల్ పార్కుకు తరలించారు. తోటమాలి మాణిక్యం దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఈ టీవీతో నేనేం చేసుకోను సారూ? నా కత్తెర తుప్పుపట్టింది, కత్తెర ఇప్పిచ్చండి."

"ఇదే నీ కత్తెర," అన్నారు కమిషనర్ గారు.

మాణిక్యం నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. పార్కులో కరెంటు ప్లగ్గు లేదు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మాణిక్యం కాసేపు ఆలోచించి కంప్యూటర్ మీద ఉతికిన చీర ఆరేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఝాన్సీ డ్యూటీ బట్టలతోనే మా ఆఫీసుకొచ్చింది. వరండాలోని పెళ్లికూతుళ్లను దాటుకుని, నన్ను దాటుకుని, నేరుగా కమిషనర్ గదిలోకి వెళ్లింది. నేను వెనకాలే పరుగెత్తాను. అనసూయమ్మ గారు అడ్డుకోకపోగా తలుపు తీసిపట్టుకున్నారు.

"నమస్కారం సార్. గోవర్ధన్ భార్యను. మీ లెక్కలో ఇంకా కాలేదనుకోండి."

"కూర్చొండమ్మా. మీ విషయమై నేనును చింతించుచున్నాను."

"రేప్పొద్దున నేను కొండకు పోవాల సార్. ఆయనేమో ఇక్కడ ఉంటాడు. మీరు ఫోన్ల అర్థం చూశారు, పెన్నుల అర్థం చూశారు, కంప్యూటర్ని తీసకపోయి మొక్కల్లో పెట్టారు. ఆఫీసులో అన్నిటినీ వాటి అర్థం ప్రకారం సర్దేశారు. మిగిలింది మీరొక్కరే. నాకు తెలవక అడుగుతున్నా, కమిషనర్ అంటే అర్థం ఏంది సార్?"

కోపంతోనే అడిగింది. కానీ మాట పుట్టుక అడిగితే ఆయన కోపాన్ని పట్టించుకునే మనిషి కాదు. ఆయన మొహం వెలిగిపోయింది. చేరువలో ఉన్న నిఘంటువు లాక్కున్నారు.

"ఇన్నేండ్ల సర్వీసులో ఈ ప్రశ్న నన్నెవరును అడుగలేదమ్మా! వినండి. ఇందులో రెండు ముక్కలున్నవి. మొదటిది లాటిన్‌లో కలిపి అని అర్థమిచ్చునది. రెండవది పంపు అని అర్థమిచ్చునది. అనగా, కలిపి..."

అక్కడ ఆగిపోయారు. పుస్తకంలోకి మళ్లీ చూశారు. తలెత్తి ఝాన్సీని చూశారు, నన్ను చూశారు. తెరిచిన తలుపులోంచి వరండాలో జంటలు జంటలుగా కూర్చున్నవాళ్లను చూశారు.

"కలిపి పంపడమా సార్?" అంది ఝాన్సీ నెమ్మదిగా.

"కలిపి పంపుట," అన్నారాయన.

"మరి మీ పనే అదిగా?"

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. నేను ఆయన్ని అంత పాలిపోయి ఎప్పుడూ చూడలేదు.

"పంతొమ్మిదేండ్లుగా పన్నులు వసూలు చేసితిని. కాలువలు తవ్వించితిని. జెండాలు ఎగురవేసితిని. ఒక్కరినైనను కలిపి పంపలేదు. గోవర్ధన్, ఇంతకాలము నేను దుర్వినియోగమైతినయ్యా!"

నేను మంచినీళ్ల గ్లాసు అందించాను. ఆయన తాగలేదు. తన సొంత పెన్ను జేబులోంచి తీసి, కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టారు. చేతిరాత చెల్లదు కదా సార్ అని నోటిదాకా వచ్చింది. ఝాన్సీ నా కాలు తొక్కింది. ఆయనే చెప్పారు, చేతిరాత చెల్లనిది ధ్రువపత్రాలకేననీ, ఇది ధ్రువపత్రం కాదు, పంపకపు ఉత్తర్వు అనీ. అందులో భార్యాభర్తలైన ఈ ఇద్దరినీ కలిపి పంపడమైనదని ఉంది. ముద్ర పడింది.

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "మరి ఝాన్సీని ఇక్కడే ఉంచుతారా సార్?" అన్నాను.

"ఉంచుట ఎక్కడిదయ్యా? ఉంచుట నా పేరులో లేదు. పంపుట ఉన్నది." ఆయన ఝాన్సీ చేతిలోని బదిలీ కాగితం తీసుకుని అందులోని ఊరి పేరు తన ఉత్తర్వులోకి ఎక్కించారు. "జాజికొండ మండల కార్యాలయములో గుమాస్తా పోస్టు ఎన్నడో ఖాళీ. ఎవరును చేరరు. నిన్ను డిప్యుటేషన్‌పై పంపుచున్నాను. పైవారు అభ్యంతరపెట్టరు, ఆనందబాష్పములు రాల్చుదురు."

మా ఊళ్లో సొంతిల్లు, సాయంకాలం పుణుగులు, సోడా బండి దగ్గర కబుర్లు, అన్నీ ఒక్క గీతతో కొట్టుకుపోయాయి. దిగులుగా ఝాన్సీ వైపు తిరిగాను. ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది.

"నేనేం అడిగానయ్యా? ఊరడిగానా? నిన్నడిగా," అంది.

అప్పుడు నాక్కూడా నవ్వొచ్చింది. కమిషనర్ గారు మమ్మల్ని పట్టించుకునే స్థితిలో లేరు. వరండాలోంచి ఒక్కో జంటనూ పిలిచి, కలిపి, పంపుతున్నారు. ఎక్కడికని అడిగితే ఇంటికన్నారు. దాంతో వరండా చిటికెలో ఖాళీ అయింది. ఇంటి సరిహద్దు తగువు మీద వచ్చిన ఇద్దరు పొరుగువాళ్లను కూడా చేతిలో చెయ్యి వేయించి పంపించేశారు. వాళ్లు మెట్ల దాకా అలాగే వెళ్లారని పోతురాజు చెప్పాడు.

శనివారం పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కాం. జాజికొండలో చలి ఎక్కువ, జనం మంచివాళ్లు. ఝాన్సీ వెళ్లిన వారంలోనే రెండు కాన్పులు చేసింది. మా మండల కార్యాలయంలో కంప్యూటర్ లేదు, ఎప్పుడూ రాలేదు. అందుకని అక్కడ పనులు జరుగుతున్నాయి.

మా పెళ్లికి ఇప్పటికీ ధ్రువపత్రం లేదు. ఆ ఉత్తర్వే ఉంది. తనిఖీకి వచ్చిన పైఅధికారి ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, డిప్యుటేషన్ ఎన్నాళ్లో ఇందులో రాయలేదే, నిన్నొక్కణ్నీ వెనక్కి పిలిపించమంటావా అని దయగా అడిగారు. ఇంటికొచ్చి ఝాన్సీతో చెప్పాను. ఆమె ఉత్తర్వు తీసి మడతపెట్టి తన పెట్టెలో దాచేసింది.

"ఒక్కణ్ని పంపడానికి ఏ కమిషనర్ పేరులోనూ చోటు లేదని చెప్పు," అంది.